నిన్న తన్నిన బిడ్డ ఇవాళ ఎందుకు ఊరుకుంది?

అయిదో నెల స్కాన్ గదిలో చాలామంది తల్లులకు ఒక వింత అనుభవం ఎదురవుతుంది. తెరమీద బిడ్డ కాలు చాపుతుంటుంది, చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది, ఉన్నట్టుండి అటు తిరిగిపోతుంది. బల్లమీద పడుకున్న తల్లికి మాత్రం కడుపులో ఏమీ తెలియదు. కళ్లెదుట కదులుతున్న బిడ్డ తన ఒంట్లోనే ఉన్నా, ఆ కదలిక తనదాకా రావడం లేదు. బిడ్డ కదలడం ఒకటి, అది తల్లికి తెలియడం ఇంకొకటి. నడిమి నెలల్లో పట్టుకునే టెన్షన్ చాలావరకు ఈ రెండింటి మధ్య ఉన్న దూరం వల్లే వస్తుంది.

ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తే, ఏడెనిమిది వారాలకే బిడ్డ కదలడం మొదలుపెడుతుంది. పన్నెండో వారం వచ్చేసరికి చేతులు కాళ్లు విడివిడిగా ఆడిస్తుంది, ఎక్కిళ్లు కూడా వస్తాయి. అప్పటికి మెదడు పైపొర ఇంకా సరిగ్గా రూపు దిద్దుకోదు. ఆ తొలి కదలికలను నడిపించేవి వెన్నుపాము, దాని పైన ఉండే మెదడు కాండం. చూడటానికి ఆటలా ఉన్నా, బిడ్డకు అది ఒళ్లు తయారు చేసుకునే పని. కండరం లాగితేనే ఎముక గట్టిపడుతుంది, వంచి చాపితేనే కీలుకు ఆకారం వస్తుంది. ఏ కారణం వల్లనైనా కడుపులో కదలలేకపోయిన బిడ్డలు కీళ్లు బిగుసుకుపోయి పుడతారు. డాక్టర్లు కదలికల గురించి అన్నిసార్లు అడగడానికి ఇదొక కారణం.

మరి అంత కదులుతుంటే తల్లికి ఎందుకు తెలియదు? ఇరవయ్యో వారంలో బిడ్డ బరువు సుమారు 300 గ్రాములే. చుట్టూ ఉమ్మనీరు, తిరగడానికి కావలసినంత చోటు. ఆ కదలికల్లో ఎక్కువభాగం ఆ నీటిలోనే కలిసిపోతాయి. కాలో చెయ్యో గర్భసంచి గోడను తాకి, ఆ అదురు పొట్ట గోడదాకా వచ్చినప్పుడే తల్లికి తెలుస్తుంది.

తాకితే మాత్రం ఆ బలం తక్కువేమీ కాదు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజ్ పరిశోధకులు ఎమ్మారై వీడియోల్లో బిడ్డల తన్నులు చూసి, వాటి బలాన్ని కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టారు. 2018లో వెలువడిన ఆ లెక్క ప్రకారం 20వ వారంలో తన్ను బలం సుమారు 29 న్యూటన్లు. మూడు కిలోల బరువు చేత్తో ఎత్తి పట్టుకుంటే తెలిసేంత బలం అది. 30వ వారానికి 47 న్యూటన్లకు పెరిగి, 35వ వారానికి చోటు ఇరుకై 17కి తగ్గింది. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చివర్లో తగ్గేది తన్ను విసురు. కదలికలు తగ్గకూడదు. "నెలలు నిండేకొద్దీ బిడ్డ కదలడం తగ్గుతుందిలే" అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ మాట తప్పు.

తొలి చూలు అయితే 18 నుంచి 20 వారాల మధ్య, కొందరికి ఇంకాస్త ఆలస్యంగా, మొదటి కదలిక తెలుస్తుంది. ఇదివరకు కన్నవాళ్లు 16 వారాలకే గుర్తుపట్టగలరు. అది ఎలా ఉంటుందో వాళ్లకు ముందే తెలుసు. మొదటిసారి అయితే బుడగ పగిలినట్టు, చిన్న చేప తోక ఆడించినట్టు అనిపించి, గ్యాస్ ఏమో అనుకుని వదిలేస్తారు. అందుకే "నీకింకా తెలియలేదా, నాకు నాలుగో నెలలోనే తెలిసింది" అని ఎవరైనా అంటే, ఆ పోలికతో మనసు పాడుచేసుకోవలసిన పని లేదు.

మీ స్కాన్ రిపోర్టులో ఇంకో విషయం చూడండి. ప్లసెంటా యాంటీరియర్ అని రాసి ఉంటే, మాయ గర్భసంచి ముందు గోడకు అతుక్కుని ఉందని అర్థం. బిడ్డకూ మీ పొట్టకూ మధ్య దిండు పెట్టినట్టన్నమాట. దాని వల్ల బిడ్డకు హాని లేదు, కానీ 28వ వారం దాకా కదలికలు మందంగా తెలియవచ్చు. ఈ ఒక్క ముక్క రిపోర్టు ఇచ్చే రోజునే చెబితే ఎంతమందికి ఎన్ని నిద్రలేని రాత్రులు తప్పుతాయో! చాలాచోట్ల చెప్పరు, మనమే అడగాలి.

ఇక నిన్న తెలిసి ఇవాళ తెలియకపోవడం. మొదటి కదలికలు తెలిసిన రోజుల్లో ఇది మామూలే. బిడ్డ మీ వెన్నెముక వైపు తిరిగి ఉంటే తన్నులు మీ వీపు వైపు పోతాయి. మీరు రోజంతా తిరుగుతూ పనిలో ఉంటే చిన్న అదురు ఎవరి దృష్టికీ రాదు. అన్నీ సర్దుకుని పడుకున్నాక తెలుస్తుంది. పైగా బిడ్డలు సాయంత్రం, రాత్రి పూట ఎక్కువ చురుగ్గా ఉంటారు. నిద్రపోయే సమయం కూడా ఉంది. ఒక్కో కునుకు మామూలుగా 20 నుంచి 40 నిమిషాలు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు 90 నిమిషాలు దాటడం అరుదు.

ఈ దశలో వేళ్లు మడిచి తన్నులు లెక్కపెట్టడం వల్ల ఉపయోగం లేదు. పది కదలికలు లెక్కించే పద్ధతి 1970లలో చివరి నెలల కోసం వచ్చింది. ఆ చివరి నెలల్లో కూడా, 1989లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో, 68,000 మంది తల్లుల విషయంలో, రోజూ లెక్క రాయించడం వల్ల బిడ్డల మరణాలు తగ్గలేదు. తల్లికి పనికొచ్చేది అంకె కన్నా తన బిడ్డ అలవాటు. ఆ అలవాటు 24 నుంచి 28 వారాల మధ్య మెల్లగా కుదురుకుంటుంది. అంతకుముందు దాన్ని వెతికితే దొరకదు, దొరకలేదని భయం మాత్రం మిగులుతుంది.

భయం తీర్చుకోవడానికి గుండె చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ కొని ఇంట్లో పెట్టుకునేవాళ్లున్నారు. ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది. 1818లో జెనీవా వైద్యుడు ఫ్రాన్స్వా మయోర్ గర్భిణి పొట్టకు చెవి ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినేదాకా, లోపల బిడ్డ బతికే ఉందని చెప్పడానికి తల్లికి తెలిసే కదలికే పెద్ద ఆధారం. చప్పుడు వినాలనే కోరిక సహజం. కానీ అలవాటు లేని చెవికి తల్లి నాడి చప్పుడే బిడ్డదిగా వినిపించవచ్చు. వినిపించింది నిజంగా బిడ్డ గుండే అయినా, బిడ్డ క్షేమంగా ఉందని అది ఒక్కటే చెప్పలేదు. ఈ ధైర్యంతో ఇంట్లోనే ఉండిపోవడం అసలు ప్రమాదం. బిడ్డ కదులుతుందేమోనని చల్లటి నీళ్లు తాగి, తీపి తిని చూడటం కూడా పరీక్ష కిందికి రాదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి మరి? 24 వారాలు వచ్చినా ఒక్క కదలిక కూడా తెలియకపోతే డాక్టరుకు చెప్పాలి. అలాంటప్పుడు నిపుణుల చేత పరీక్ష చేయించే విషయం ఆలోచించాలని బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ 2011 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. ఇదివరకు బాగా తెలిసిన కదలికలు తగ్గాయనిపించినా, ఆగిపోయాయనిపించినా, అది ఏ వారమైనా సరే, ఫోన్ చేయండి. 28 వారాలు దాటాక అయితే రేపటిదాకా ఆగొద్దు, రాత్రయినా సరే అప్పుడే వెళ్లండి. రక్తం కనిపించినా, నీరు కారినా, నొప్పి పట్టుకున్నా కదలికల సంగతి చూడకుండానే బయలుదేరాలి.

నడిమి నెలల్లో వెళితే అక్కడ జరిగేది చిన్న పనే. ముందు మీరు చెప్పేది వింటారు, పొట్ట ఎత్తు కొలుస్తారు, డాప్లర్ ఆనించి బిడ్డ గుండె చప్పుడు వెతుకుతారు. మీ నాడి కూడా పట్టుకుని, రెండూ వేరువేరు చప్పుళ్లేనని సరిచూసుకుంటారు. బిడ్డ గుండె మామూలుగా నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. అంతా బాగుందని ఇంటికి పంపాక రెండు రోజులకే మళ్లీ అనుమానం వస్తే, మళ్లీ వెళ్లండి.