సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు: లారీల విషయంలో అపోహలు, వాస్తవాలు

మా షెడ్డు రావులపాలెం దగ్గర హైవే పక్కన. ఒక వైపు గౌతమి వంతెన, ఇంకో వైపు సిద్ధాంతం దగ్గర వసిష్ఠ వంతెన. గోదావరి రెండు పాయల మధ్య ఆగిపోయిన లారీల్లో కొన్ని మా దాకా వస్తాయి, కొన్నింటి దగ్గరకి మేమే పానాల సంచి పట్టుకుని వెళ్తాం. అరటి గెలల లోడు కావచ్చు, అంబాజీపేట కొబ్బరికాయలు కావచ్చు, భీమవరం వైపు నుంచి ఐసులో వేసిన రొయ్యలు కావచ్చు. ఫోన్లో మొదటి మాట మాత్రం మారదు: "సెల్ఫ్ బాగానే తిరుగుతోందండి, బండి అందుకోవట్లేదు." వెంటనే రెండో మాట: "పంపు పోయినట్టుందండి."

మొదటి మాట సగం నమ్ముతాను. రెండోది అసలు నమ్మను. తిరిగి నేను అడిగేది ఒక్కటే. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా, లేదా? చాలామంది చూసి ఉండరు. "క్లీనర్ని వెనక్కి పంపి, చూసి మళ్ళీ ఫోన్ చెయ్యి బాబూ" అంటాను.

అపోహ: స్టార్ట్ కాలేదంటే డీజిల్ పంపు పోయినట్టే, లేదంటే నాజిళ్ళు పోయినట్టే

డీజిల్ ఇంజన్‌కి పెట్రోలు బండిలా ప్లగ్గు ఉండదు, నిప్పురవ్వ ఉండదు. లోపలికి పీల్చిన గాలిని పిస్టన్ పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కేస్తుంది. సైకిల్‌కి గాలి కొడుతుంటే పంపు అడుగున చెయ్యి కాలుతుంది చూడండి, అదే సంగతి, కాకపోతే ఇక్కడ వేడి వందల డిగ్రీల్లో ఉంటుంది. ఆ వేడిగాలిలోకి నాజిల్ డీజిల్‌ని సన్నటి తుంపరగా చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. అంటే కావాల్సినవి మూడే: గాలి, గట్టిగా నొక్కడానికి చాలినంత వేగంగా తిరగడం, సరైన సమయానికి డీజిల్.

పొగ గురించి అడిగేది అందుకే. సెల్ఫ్ కొడుతుంటే పచ్చి డీజిల్ వాసనతో తెల్లపొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, అంటుకోవడం లేదు. అప్పుడు ఇంజన్ తిరిగే వేగం, కంప్రెషన్ (గాలిని నొక్కే బిగువు), టైమింగ్, డీజిల్‌లో నీళ్లు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, ఇటువైపు చూడాలి. రైస్ మిల్లుల్లో తిరిగే బండ్లకి ఊక దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ పరుపులా తయారవుతుంది. పొగ గొట్టంలో ఉండే ఎగ్జాస్ట్ బ్రేక్ రేకు మూసుకున్న చోటే బిగుసుకుపోయినా ఇంజన్‌కి ఊపిరి ఆడదు. పొగే లేదంటే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. ట్యాంకు నుంచి నాజిల్ వరకు ఎక్కడో ఆగింది, లేదా కొత్త బండి అయితే కంప్యూటరే డీజిల్ వదలమని చెప్పడం లేదు. ఒక్క పానా తిప్పకుండానే సగం ఇంజన్ మీద అనుమానం తీరిపోతుంది.

ఈ పొగ సంగతి నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఒక ఓనరు డబ్బుతో నేర్చుకున్నాను. పాత మెకానికల్ పంపు ఉన్న బండి. రాత్రి ఆపితే పొద్దున్న గంటసేపు సతాయించేది. ఒకసారి అందుకుందంటే సాయంత్రం వరకు ఎన్నిసార్లు ఆపినా చిటికెలో స్టార్ట్ అయ్యేది. పంపు అరిగిపోయిందని తేల్చేసి, దింపించి, పంపుల వర్క్‌షాపుకి పంపాను. కొత్త సామాన్లు వేసుకుని వచ్చింది. బిగించాం. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే పాట. చివరికి దొరికింది ఫిల్టర్ దగ్గర పైపుని కలిపే బంజో బోల్టు కింద ఉండే రాగి వాషరు. పాతది తిరగేసి వేసినట్టున్నారు ఎవరో. ఇంజన్ నడుస్తున్నప్పుడు అక్కడ చుక్క డీజిల్ కూడా కారదు, ఎందుకంటే అది ఫీడ్ పంపు ట్యాంకు నుంచి డీజిల్ లాగే వైపు. కారదు కానీ గాలి పీలుస్తుంది. రాత్రంతా లైనులో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోయి, పొద్దున్నకి లైనంతా గాలే. రూపాయల వాషరు కోసం వేల రూపాయల పంపు విప్పించాను. ఆ ఓనరు నన్ను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది.

అప్పటి నుంచి పొగ లేని బండి అనగానే ముందు బాటిల్ పెట్టి చూస్తాను. శుభ్రమైన డీజిల్ ఉన్న డబ్బా ఇంజన్ కంటే ఎత్తులో కట్టి, నేరుగా ఫీడ్ పంపుకి పైపు కలిపి, గాలి తీసి, సెల్ఫ్ కొట్టడం. బండి అందుకుందా, తప్పు ట్యాంకులోనో పైపుల్లోనో ఉంది. ట్యాంకు లోపలి జాలీ కావచ్చు, పగిలిన గొట్టం కావచ్చు, మూత గాలి రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. లైనులో ఒక చోట తెల్లటి పారదర్శకపు పైపు ముక్క పెడితే బుడగలు కంటికి కనిపిస్తాయి. ఇంకోటి, చెప్తే నవ్వుతారు గానీ, మీటరు ముల్లు పావు ట్యాంకు దగ్గర ఇరుక్కుపోయి, అసలు డీజిలే లేని బండ్లు కూడా వస్తుంటాయి. పుల్ల పెట్టి చూడండి.

పాత బండ్లలో ఇంజన్ ఆపే స్టాప్ కేబుల్ తుప్పు పట్టి లాగిన చోటే ఉండిపోతే కూడా ఇంతే, పొగ రాదు. పంపు మీద ఆ చిన్న లివరు వెనక్కి వచ్చిందో లేదో వేలితో తోసి చూడటానికి ఎంతసేపు?

అపోహ: చలికి డీజిల్ గడ్డకట్టింది

సంక్రాంతి రోజుల్లో ఈ మాట బాగా వినిపిస్తుంది. మన దేశంలో చలికాలం అమ్మే డీజిల్‌కి ఉన్న ప్రమాణం ప్రకారం అది 3 డిగ్రీల దాకా పారాలి, 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లోంచి దిగాలి. కోనసీమలో తెల్లవారుజామున అంత చలి ఎక్కడిది? లంబసింగి ఎక్కిన బండి అంటే వేరే కథ. ఇక్కడ పొద్దున్న పూట మాత్రమే మొరాయించే బండికి పైన చెప్పిన గాలి జబ్బు ఉంటుంది, లేదంటే నీరసపడిన బ్యాటరీ.

అపోహ: సెల్ఫ్ తిరుగుతోంది కదా, బ్యాటరీ బాగున్నట్టే

మొదటి మాట సగమే నమ్ముతానన్నది ఇందుకే. తిరగడం వేరు, అందుకునేంత వేగంగా తిరగడం వేరు. మెల్లగా తిరిగితే నొక్కిన గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది, వేడి పుట్టదు. తెల్లపొగ వస్తూనే ఉంటుంది, బండి అందుకోదు. కొత్త బండ్లకి ఇంకో చిక్కు ఉంది. లారీకి రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మల్టీమీటరు పెట్టి చూడండి. 18 వోల్టుల కంటే కిందకి జారుతుంటే నాకు అనుమానమే. ఓల్టేజి పడిపోతే కంప్యూటరు మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. సెల్ఫ్ మోటారుకి ఆ గొడవ పట్టదు, అది తిరుగుతూనే ఉంటుంది. చూసేవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

మన వైపు బ్యాటరీ కంటే ఎక్కువ మోసం చేసేది ఎర్తు. రొయ్యల పెట్టెల నుంచి ఉప్పునీళ్లు ఛాసిస్ మీద కారీ కారీ ఎర్తు తీగ కొసలు పచ్చగా చిలుము పడతాయి. పైకి బోల్టు బిగువుగానే ఉంటుంది, కింద కరెంటు పారదు. కొత్త బ్యాటరీలు రెండూ కొనేసి, బండి అలాగే మొరాయిస్తుంటే మా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఎర్తు బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, గ్రీజు రాసి బిగిస్తే పని అయిపోయింది. ఆక్వా లోడు దింపాక మంచినీళ్లతో ఛాసిస్ కడిగించే ఓనర్ల బండ్లు మాకు తక్కువ కనిపిస్తాయి.

పట్టుదలగా సెల్ఫ్ కొట్టొద్దు. పది, పదిహేను సెకన్లు కొట్టి, రెండు నిమిషాలు ఆగండి. లేకపోతే బ్యాటరీతో పాటు సెల్ఫ్ మోటారు కూడా ఖాతాలో పడుతుంది.

అపోహ: ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెడితే లేస్తుంది

లేస్తుంది. కొన్నిసార్లు దాంతోపాటు మనిషీ లేస్తాడు. పెట్రోలు గానీ స్టార్టింగ్ స్ప్రే గానీ డీజిల్ కంటే చాలా ముందే, పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే అంటుకుంటుంది. ఆ దెబ్బకి రింగులు విరుగుతాయి, పిస్టన్ పగులుతుంది. గాలి దారిలో వేడి చేసే హీటరు ఉన్న ఇంజన్ అయితే అక్కడే మంటలు. కనుబొమలు కాల్చుకున్న కుర్రాడు మా షెడ్డులోనే ఉన్నాడు, ఇప్పుడు నా కంటే జాగ్రత్తపరుడు. స్ప్రేకి అలవాటు పడిన ఇంజన్ అది లేకుండా లేవదంటారు. అలవాటూ లేదు ఏమీ లేదు, ఉన్న జబ్బు చూడకుండా రోజూ అది కొడుతుంటే కంప్రెషన్ ఇంకా పడిపోయి ఉంటుంది.

అపోహ: నాజిల్ పైపు నట్టు వదులు చేసి డీజిల్ వస్తోందో లేదో చూడాలి

పాత పంపు బండికి ఇది చేసేవాళ్లం. ఆ చెయ్యి అలవాటు కొత్త బండి మీద చూపించడమే ప్రమాదం. నాజిళ్ళన్నిటికీ ఒకే ఉమ్మడి గొట్టం (దాన్నే రైలు అంటాం) నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్‌లో డీజిల్ ఒత్తిడి నడిచేటప్పుడు 1600 బార్ కూడా దాటుతుంది. లారీ టైరులో ఉండేది ఎనిమిది, తొమ్మిది బార్లు. ఆ ఒత్తిడితో సన్నగా చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత మచ్చ, పెద్ద నొప్పి కూడా ఉండదు మొదట. లోపల కండ చచ్చిపోతుంది, ఆలస్యమైతే వేలే తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే పసుపు పెట్టుకుని కూర్చోకుండా గంటలోపు పెద్దాసుపత్రికి వెళ్లి, "డీజిల్ ఒత్తిడితో లోపలికి దిగింది" అని అదే మాట డాక్టరుకి చెప్పాలి.

నాజిళ్ళు చూడాలంటే వెనక్కి వచ్చే రిటర్న్ పైపులు తీసి, ఒక్కో దానికి ఒక్కో చిన్న సీసా పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఏ సీసా గబగబా నిండుతోందో ఆ నాజిల్ డీజిల్‌ని వెనక్కి వదిలేస్తోంది. ఒక్కటి అలా కారినా రైలులో ఒత్తిడి నిలవదు. స్టార్ట్ కావడానికే సుమారు 200 నుంచి 300 బార్ కావాలి, అది చేరేదాకా కంప్యూటరు నాజిళ్ళని తెరవనివ్వదు.

అపోహ: స్కానరు పెడితే ఏం పోయిందో అదే చెప్పేస్తుంది

కొత్త పొగ నియమాల బీఎస్ 6 బండ్లు 2020 ఏప్రిల్ నుంచి వచ్చాక, బండి కంప్యూటరులోని కోడు చదివే స్కానరు లేకుండా పని జరగదు, నిజమే. కానీ స్కానరు డాక్టరు కాదు, థర్మామీటరు. జ్వరం ఉందంటుంది, ఎందుకో చెప్పదు. పి0087 అని వస్తే రైలులో ఒత్తిడి చాలడం లేదని అర్థం. పంపు మార్చమని కాదు. మూసుకుపోయిన ఫిల్టరు వల్ల, గాలి పీల్చే పైపు వల్ల, కారుతున్న నాజిల్ వల్ల, అన్నిటికీ అదే కోడు రావచ్చు. కోడు చదివి పంపు ధర చెప్పేవాడికి బండి ఇవ్వకండి.

కోడు కంటే సెల్ఫ్ కొడుతుండగా కదిలే అంకెలు నాకు ఇష్టం. స్కానరు లేకపోయినా చాలా బండ్లలో ఆర్‌పీఎం ముల్లు చూడొచ్చు. ఇంజన్ తిరుగుతుంటే ముల్లు కొద్దిగా అయినా లేవాలి. సున్నా మీదే పడుకుందంటే ఇంజన్ తిరుగుతోందని కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సారో దాని వైరో చూడాలి. పోయినేడు ఒక టిప్పరు వేరే చోట క్లచ్ ప్లేటు పని చేయించుకున్న రోజే ఇలా ఆగిపోయింది. ఆ ఇంజన్‌కి క్రాంక్ సెన్సారు ఫ్లైవీల్ పక్కనే ఉంటుంది. గేర్‌బాక్స్ దింపేటప్పుడు తీసిన సాకెట్టు మళ్ళీ టక్కుమనేదాకా నొక్కలేదు. నొక్కాం, అంతే. ఆగకముందు బండికి చివరిగా ఏ పని చేశారని అడగడం అందుకే.

ధాన్యం మిల్లు దగ్గర వారం రోజులు ఆగిన బండి అంటే కోడుల కంటే ముందు ఎలుకలు. వైరింగు పొట్టు చూసుకోండి.

అపోహ: నీళ్లు చేరిన బండిని తోస్తే, లాగితే లేస్తుంది

సెల్ఫ్ తిప్పినా లేవని ఇంజన్ తాడు కట్టి లాగినా అదే ఇంజన్. ట్యాంకులో నీళ్లుంటే వాటినే నాజిళ్ళ దాకా తీసుకుపోతాం. మన గాలిలో తేమ ఎక్కువ, సగం ఖాళీ ట్యాంకు రాత్రికి రాత్రే లోపల చెమర్చుతుంది. నీరు బరువు కనుక అడుక్కి దిగుతుంది, ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురు పెరిగి ఫిల్టర్‌ని మూసేస్తుంది. ఫిల్టరు కింద డ్రెయిన్ తిప్పి గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి, తెలిసిపోతుంది.

వరద నీళ్లు వేరే సంగతి. గోదావరి పోటెత్తి కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగినప్పుడు, నీళ్లలో ఆగిన బండిని మళ్ళీ సెల్ఫ్ కొట్టి చూడటమే పెద్ద తప్పు. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి తడి ఉందేమో చూడాలి.

అపోహ: యాడ్‌బ్లూ అయిపోతే బండి స్టార్ట్ కాదు

ఇక్కడ ఆగిన బండ్లలో నేను చూసినంతవరకు యాడ్‌బ్లూ తగ్గితే మీటరులో లైటు వెలుగుతుంది, తర్వాత పికప్ పడిపోతుంది. స్టార్టింగుకి దాన్ని తప్పు పట్టే ముందు మిగతావన్నీ చూడండి. అది 32.5 శాతం యూరియా కలిపిన నీరు, పనంతా సైలెన్సర్ వైపే. అసలు భయం అది డీజిల్ ట్యాంకులో పడితే. మొన్న రాత్రి జొన్నాడ దాటాక ఒక డ్రైవరు ఫోన్ చేశాడు. "బాబాయ్, కుర్రాడు యాడ్‌బ్లూ డబ్బా డీజిల్‌లో పోసేశాడు. కొంచెమే. సెల్ఫ్ కొట్టి చూడనా, పొగ వస్తుందేమో చెప్తాను?"

"పొగా వద్దు, ఏమీ వద్దు. తాళం కూడా తిప్పకు. తీసి జేబులో వేసుకో, ట్యాంకు దింపడానికి డబ్బాలు తీసుకుని వస్తున్నాను" అన్నాను.