మోకాలి హాప్ టెస్టులు, అజిలిటీ టెస్టులు: అపోహలు - వాస్తవాలు

ఏసీఎల్ (మోకాలి లోపలి ఒక ముఖ్యమైన లిగమెంట్) ఆపరేషన్ అయినవాళ్లకు రీహ్యాబ్ చేయించడం నా పని. "90 శాతం వచ్చింది కదా, ఇక ఆడొచ్చా?" అని దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు. అంటే ఒంటికాలితో గెంతే హాప్ టెస్టులో ఆపరేషన్ అయిన కాలు రెండో కాలితో పోలిస్తే 90 శాతం చేసిందని. ఆ అంకె ఎలా వచ్చిందో, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో మాత్రం ఎవరూ అడగరు.

అపోహ: రిలయబుల్ (మళ్లీ చేసినా దాదాపు అదే ఫలితం ఇస్తుంది) అని పరిశోధనల్లో తేలిన టెస్టు కాబట్టి, ఎక్కడ చేసినా ఫలితం నమ్మొచ్చు.

టెస్టుకి ఆ గుణం పుట్టుకతో రాదు, చేసే తీరును బట్టి వస్తుంది. ఒకసారి చేతులు ఊపనిచ్చి, ఇంకోసారి నడుం మీద పెట్టించి, ఒకసారి షూతో, ఇంకోసారి ఉత్త కాళ్లతో గెంతించి, కింద దిగాక నిలదొక్కుకోకపోయినా ఆ దూరాన్ని రాసేసుకుంటే ఆ రెండు అంకెల్ని పోల్చడానికే లేదు. పరుగు టెస్టుల్లో స్టాప్‌వాచ్ మరీ ఇబ్బంది. టైమింగ్ గేట్లతో (ఆటగాడు దాటగానే టైమ్ నమోదు చేసే సెన్సర్లతో) పోలిస్తే చేత్తో నొక్కిన టైమ్ సాధారణంగా తక్కువగా వస్తుంది, కాబట్టి ఒక నెల గేట్లతో, మరో నెల చేత్తో కొలిస్తే ఆటగాడు వేగం పెరగకుండానే పెరిగినట్టు కనిపిస్తాడు.

అపోహ: పోయినసారి 86, ఈసారి 91. బాగుపడింది.

కావచ్చు, కాకపోవచ్చు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఈ 5 శాతం చూసుకుని మనిషి మైదానంలోకి వెళ్లిపోతాడు. ప్రతి కొలతలో కొంత పొరపాటు సహజంగానే ఉంటుంది. దాన్ని ఎస్ఈఎం అంటాం. దాన్ని 1.96తో, మళ్లీ 2 వర్గమూలంతో గుణిస్తే, అంటే సుమారు 2.77 రెట్లు చేస్తే, ఎంత తేడా వస్తే నిజమైన మార్పు అనుకోవచ్చో తెలుస్తుంది. ఎస్ఈఎం 3 శాతం అనుకుంటే ఆ హద్దు 8 శాతం దాటుతుంది. ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్ల హాప్ టెస్టుల మీద 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఐసీసీ (టెస్టు ఎంత రిలయబులో చెప్పే అంకె, 1కి దగ్గరైనకొద్దీ మంచిది) 0.82 నుంచి 0.93 దాకా, చూడ్డానికి చక్కగానే ఉంది, అయినా నిజమైన మార్పు అనుకోవడానికి కావలసిన తేడా టెస్టును బట్టి సుమారు 7 నుంచి 13 శాతం దాకా వచ్చింది. పైగా గుంపులో మనుషుల మధ్య తేడాలు ఎక్కువుంటే ఐసీసీ దానంతట అదే పెరుగుతుంది. అందుకే ఒక్క ఐసీసీ చూసి నిర్ణయం తీసుకోకండి.

ముందు ప్రాక్టీస్ గెంతులు వేయించకపోతే టెస్టు అలవాటు కావడం వల్ల వచ్చిన పెరుగుదల కూడా మోకాలి ఖాతాలోకే పోతుంది.

అపోహ: రెండు కాళ్లూ సమానంగా గెంతాయంటే మోకాలు బాగైనట్టే.

రెండో కాలు కూడా నెలల తరబడి ఆటకు దూరంగానే ఉంది కదా, అదీ బలహీనపడుతుంది. బలహీనపడిన కాలితో పోల్చి 90 శాతం అంటే ఏం తేలినట్టు? 2017లో వచ్చిన అధ్యయనంలో 70 మందిలో 40 మంది తొడ ముందు కండరం బలంలోనూ హాప్ టెస్టుల్లోనూ ఈ 90 శాతం దాటారు. అదే ఆపరేషన్‌కు ముందు వాళ్ల మంచి కాలు చూపిన అంకెతో పోలిస్తే దాటినవాళ్లు 20 మందే. ఇంకో సంగతి, ముందుకి గెంతేటప్పుడు ఎక్కువ పని తుంటి, చీలమండ చేసేస్తాయి, మోకాలి వాటా తక్కువ. అందుకే దూరం సమానంగా వచ్చినా మోకాలు పని తప్పించుకుంటూ ఉండొచ్చు. పైకి గెంతే టెస్టులో దానికి అంత వీలుండదు.

అపోహ: టీ-టెస్ట్ టైమ్ తగ్గితే అజిలిటీ పెరిగినట్టే.

టీ-టెస్ట్ అంటే టీ ఆకారంలో పెట్టిన కోన్ల మధ్య దిశ మార్చుకుంటూ పరిగెత్తడం. ఆ కోన్లు ఎక్కడున్నాయో ముందే తెలుసు కదా. మైదానంలో ఎదుటివాడి కదలిక చూసి తిరగాలి, ఇక్కడ ఆ పనే లేదు. 505 టెస్టులోనూ (5 మీటర్లు పరిగెత్తి, వెనక్కి తిరిగి మళ్లీ 5 మీటర్లు రావడానికి పట్టే టైమ్ కొలిచేది) మొత్తం టైమ్‌లో చాలా భాగం తిన్నని పరుగే, అందుకే నేను అందులోంచి 10 మీటర్ల పరుగు టైమ్ తీసేసి మలుపు దగ్గర ఎంత పోయిందో చూస్తాను.

మీ రిపోర్టులో శాతం అంకె ఒక్కటే ఉంటే మీ ఫిజియోని ఇవి అడగండి: రెండు కాళ్ల దూరాలు సెంటీమీటర్లలో ఎంత, తొడ ముందు కండరం బలం డైనమోమీటర్‌తో (బలం కొలిచే పరికరంతో) కొలిచారా, పోయినసారి కొలిచింది కూడా ఈ మనిషేనా, ఇదే పద్ధతిలోనేనా. ఆపరేషన్ అయి 9 నెలలు నిండకపోతే, అంకెలన్నీ బాగున్నా సరే, దిశ మార్చే ఆటలకు నేను ఒప్పుకోను.