ఉద్యోగాల మధ్య విరామం, స్నేహితులతో క్విల్టింగ్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పాత ఉద్యోగం వదిలి కొత్త ఉద్యోగంలో చేరేలోపు రెండు మూడు వారాలు దొరికితే చాలామంది తెలుగువాళ్లు ఇండియా టికెట్ల ధరలు చూస్తారు, లేదా గరాజ్ సర్దుతారు. కొందరు మాత్రం నలుగురైదుగురు స్నేహితులను పోగుచేసి, కుట్టుమిషన్లు కారులో వేసుకుని, ఊరికి దూరంగా ఉన్న రిట్రీట్ హౌస్‌లో, అంటే బృందాలకు అద్దెకిచ్చే విడిది ఇంట్లో, మూడు నాలుగు రోజులు క్విల్ట్‌లు, అంటే మన బొంతల్లాంటి ముక్కల దుప్పట్లు కుట్టుకుంటారు. టెక్సస్‌లో క్విల్టింగ్ నేర్పడం, ఇలాంటి బృందాలకు ఏర్పాట్లు చూడటం నా పని. ఏ బృందం వచ్చినా అవే సందేహాలు, అవే ధీమాలు. వాటిలో కొన్ని అమాయకమైనవి, కొన్ని జేబుకు చిల్లు పెట్టేవి, ఒకటి రెండు ప్రమాదకరమైనవి. ముందు గుడ్డతో సంబంధం లేనిదే చెబుతాను, ఎందుకంటే అక్కడ పొరపాటు జరిగితే విప్పి మళ్లీ కుట్టడం కుదరదు.

అపోహ: ఎలాగూ ఉద్యోగం లేదు, ఎక్కడికైనా ఎన్నాళ్లైనా వెళ్లవచ్చు.

వాస్తవం: వీసా మీద ఉన్నవారు టేపు కన్నా ముందు క్యాలెండర్ తీయాలి. హెచ్-1బి మీద పనిచేస్తున్నవారి ఉద్యోగం ముగిస్తే, 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం గరిష్ఠంగా వరుసగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు అంతకన్నా ముందే తీరితే అంతవరకే. శని, ఆదివారాలు, పండగలు అన్నీ ఆ 60లోనే కలుస్తాయి. సాధారణంగా జీతం లెక్కకట్టిన చివరి రోజు మర్నాటి నుంచి ఈ లెక్క మొదలవుతుంది. ఈ గడువులో దేశం లోపల ఎక్కడ తిరిగినా ఇబ్బంది లేదు. దేశం దాటితే మాత్రం ఆ వెసులుబాటు అక్కడితో ముగుస్తుంది. దారిలో నయాగరా చూసి, అటు కెనడా వైపు కూడా ఒక చుట్టు చుట్టి వద్దామని బృందంలో ఎవరైనా సరదా పడితే, లాయరును అడగకుండా తల ఊపవద్దు.

నన్నడిగితే, కొత్త సంస్థ మీ హెచ్-1బి పిటిషన్ దాఖలు చేసి, ఆ రసీదు అందాకే మిషన్ సర్దండి. అంతవరకు ఆ గుండె దడతో సూదిలోకి దారం కూడా ఎక్కదు.

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవారికి ఈ బెడద లేదు గానీ ఇంకొకటి ఉంది. నిరుద్యోగ భృతి తీసుకునేవారు ఆ వారమంతా పనికి సిద్ధంగా, అందుబాటులో ఉన్నామని ధ్రువీకరించాలి. వివరాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఊరు విడిచి వెళ్లిన వారంలో అలవాటుగా ‘అవును’ నొక్కేసే ముందు మీ రాష్ట్రం నిబంధన ఏమిటో చదవండి.

అపోహ: ఉద్యోగం వెతుక్కోవలసిన సమయంలో కుట్లేమిటి, షోకు కాకపోతే!

వాస్తవం: ఇది సాధారణంగా ఇండియా నుంచి ఫోనులో వినిపించే మాట. వెతుకులాట ఆపనక్కర్లేదు. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే తలుపు మూసుకునే గది ఒకటి, నమ్మకమైన ఇంటర్నెట్ ఉన్నాయో లేదో కనుక్కోండి. మిషన్లున్న హాల్లో కూర్చుని ఇంటర్వ్యూకు జవాబు చెప్పడం అసాధ్యం, నాలుగు మిషన్లు ఒకేసారి నడిస్తే పక్కవారి మాటే వినపడదు. నేను ఏర్పాటు చేసే ఇళ్లలో ఒక పడకగదిని ఫోన్లకు వదిలేస్తాం. అందులో గుడ్డ ముక్క కూడా పెట్టనివ్వను.

అపోహ: క్విల్టింగ్‌లో ప్రమాదం ఏముంది, సూది గుచ్చుకోవడం తప్ప?

వాస్తవం: రోటరీ కట్టర్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పిజ్జా కోసే చక్రంలా అమాయకంగా కనిపిస్తుంది. అందరూ వాడే రకానికి 45 మిల్లీమీటర్ల గుండ్రటి బ్లేడు ఉంటుంది. నాలుగు పొరల నూలు గుడ్డను ఒక్క తోపుతో కోసే బ్లేడుకు స్కేలు అంచు దాటి బయటకు వచ్చిన వేలి కొస ఒక లెక్క కాదు. క్విల్టర్లకు తగిలే పెద్ద గాయాలు ఎక్కువగా దీనివల్లే. అవి కూడా కొత్తవారికన్నా, కబుర్లలో పడి బ్లేడు మూయకుండా బల్ల మీద పెట్టే పాతవారి వల్ల జరుగుతాయి. నా బృందాల్లో రాత్రి భోజనం తర్వాత కోత ఉండదు. అలిగినవారు అలగవచ్చు.

ఇక్కడే బీమా సంగతి వస్తుంది. పాత కంపెనీ ఆరోగ్య బీమా చివరి పనిదినంతో ఆగిపోతుందా, నెలాఖరు వరకు ఉంటుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. బయలుదేరే ముందే అడిగి తెలుసుకోండి. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో సాధారణంగా కోబ్రా అనే చట్టం కింద పాత బీమాను సొంత ఖర్చుతో కొనసాగించుకోవచ్చు. ఎంచుకోవడానికి కనీసం 60 రోజుల వ్యవధి ఇస్తారు. ప్రీమియం కడితే బీమా ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. అందువల్ల చిన్న విరామానికి ముందుగానే డబ్బు కట్టకుండా ఆ కాగితాలు దగ్గర ఉంచుకునేవారు చాలామంది. కాగితాలు దగ్గర ఉంచుకోవాలి, అది ముఖ్యం.

విమానంలో వచ్చేవారికి ఒక మాట. కుట్టుమిషన్‌ను చేతి సామానుగా తీసుకెళ్లనిస్తారు. రోటరీ కట్టర్‌ను తీసుకెళ్లనివ్వరు, దాన్ని చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి. కత్తెర అయితే మధ్య మేకు నుంచి కొన వరకు 4 అంగుళాలకు తక్కువ ఉంటే చేతి సామానులో ఉండవచ్చు.

అపోహ: మూడు రోజులు కూర్చుంటే క్విల్ట్ పూర్తయిపోతుంది.

వాస్తవం: పైపొర పూర్తవుతుంది. క్విల్ట్ అంటే మూడు పొరలు: ముక్కలు అతికి కుట్టిన పైపొర, మధ్యలో బ్యాటింగ్ అనే మెత్తటి దూదిలాంటి పొర, కింద అడుగు గుడ్డ. మూడింటినీ కలిపి కుట్టడమే అసలు క్విల్టింగ్, ఆ తర్వాత చుట్టూ బైండింగ్, అంటే అంచు పట్టీ. చాలామంది పైపొర కుట్టుకుని, మిగిలింది లాంగ్ఆర్మ్ మిషన్, అంటే మూడు పొరలనూ కలిపి కుట్టే పెద్ద మిషన్ ఉన్నవారికి ఇస్తారు. వాళ్లు చదరపు అంగుళానికి ఇన్ని సెంట్లని లెక్క కడతారు. 60 × 72 అంగుళాల దుప్పటంటే 4,320 చదరపు అంగుళాలు. వాళ్ల రేటుతో హెచ్చవేసి చూసుకుని, ఆ తర్వాతే పెద్ద దుప్పటి గురించి కలలు కనండి.

మొదటిసారి వచ్చేవారికి నేను ఇచ్చే పని ఎప్పుడూ ఒకటే: 36 × 42 అంగుళాల పసిపిల్లల క్విల్ట్, తొమ్మిది గడుల బ్లాకులతో, అంటే చదరపు ముక్కలతో. 6 అంగుళాల బ్లాకులు అడ్డంగా ఆరు, నిలువుగా ఏడు, మొత్తం 42. అందులో 21 తొమ్మిది గడులవి, 21 సాదావి, చదరంగం బల్ల పద్ధతిలో ఒకటి విడిచి ఒకటి. గడులను ఒక్కొక్కటిగా కోయనక్కర్లేదు. రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు కోసి, ముదురు-లేత-ముదురుగా మూడేసి కలిపి మూడు సెట్లు, లేత-ముదురు-లేతగా రెండు సెట్లు కుట్టండి. మొత్తం 15 పట్టీలు. 42 అంగుళాల పన్నా గుడ్డయితే ఒక్కో సెట్టు నుంచి రెండున్నర అంగుళాల తునకలు 16 వస్తాయి. మొదటి రకం తునకలు రెండు, మధ్యలో రెండో రకం ఒకటి పెట్టి కుడితే బ్లాకు తయారు.

ఇంత సులువైన బ్లాకులోనే క్విల్టింగ్ అసలు కిటుకంతా దాగి ఉంది. కుట్టుకు లోపల వదిలే అంచు పావు అంగుళం ఉండాలి. అలా ఉంటే బ్లాకు సరిగ్గా ఆరున్నర అంగుళాలు వస్తుంది, పక్కవాటితో కలిపి కుట్టాక ఆరు అవుతుంది. మీ కుట్టు అంగుళంలో పదహారో వంతు మాత్రమే లోపలికి జరిగిందనుకోండి. ఒక వరుసలో రెండు కుట్లు, ప్రతి కుట్టుకూ రెండు వైపులా గుడ్డ తింటుంది, కాబట్టి నాలుగుసార్లు పదహారో వంతు పోయి బ్లాకు ఆరుంపావు అంగుళాలకు దిగుతుంది. పక్కన పెట్టాల్సిన సాదా ముక్క ఆరున్నర. రెండూ కలవవు. అప్పుడు కొందరు సాదా ముక్కను సాగదీసి కుడతారు, కొందరు చివర కత్తిరిస్తారు. రెండూ పనికిరావు. మొదటి బ్లాకు కుట్టగానే ఇస్త్రీ చేసి స్కేలు పెట్టి కొలవండి. తక్కువ వస్తే సూది స్థానాన్ని ఒక మెట్టు కుడికి జరిపి, పనికిరాని ముక్కల మీద మళ్లీ చూడండి. ఈ పరీక్షకు అరగంట పడుతుంది. ఇంట్లోనే చేసుకుని, పట్టీలు కూడా అక్కడే కోసుకుని వచ్చినవారే మూడో రోజుకు పైపొర చేత్తో పట్టుకుని నవ్వుతారు.

అపోహ: పెద్ద ఇల్లు, కావలసినన్ని ప్లగ్గులున్నాయి, ఎవరి ఇస్త్రీపెట్టె వాళ్లు తెచ్చుకోవచ్చు.

వాస్తవం: ఒక బృందం పని ఆగిపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం నేను చూడలేదు. అమెరికా ఇళ్లలో మామూలు సర్క్యూట్ 15 ఆంపియర్లు, 120 వోల్టులు. అంటే 1,800 వాట్లు. ఆవిరి ఇస్త్రీపెట్టె ఒక్కటే 1,500 నుంచి 1,800 వాట్లు లాగుతుంది. రెండోది అదే సర్క్యూట్ మీద పెడితే బ్రేకర్ పడిపోతుంది, దానితోపాటు ఆ గోడకున్న మిషన్లన్నీ ఆగుతాయి. ఎన్ని ప్లగ్గులున్నాయన్నది కాదు, ఏ ప్లగ్గు ఏ బ్రేకర్ కిందికి వస్తుందన్నదే చూడాలి. మిషన్ల వాడకం తక్కువే, అవి ఒక గోడకు నాలుగున్నా ఫరవాలేదు. ఇస్త్రీపెట్టె ఒకటి హాల్లో, ఒకటి వేరే సర్క్యూట్ మీద భోజనాల గదిలో ఉంచితే ఐదుగురికి సరిపోతుంది. వంటింట్లో మైక్రోవేవ్, రైస్ కుక్కర్ కలిసి ఏ బ్రేకర్ మీద నడుస్తున్నాయో కూడా మొదటి రోజే చూసుకోండి. ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిషన్ మీద ఎంత మమకారం ఉన్నా ఇంట్లోనే ఉంచండి.

వంట ప్రస్తావన వచ్చింది కనుక: మన బృందాల్లో పులిహోర, ఆవకాయ లేకుండా ప్రయాణం ఉండదు, ఉండాలని నేనూ అనను. కోత బల్ల మీదికి మాత్రం రానివ్వను. తెల్ల గుడ్డ మీద పసుపు పడితే కంగారుగా సబ్బు రుద్దుతారు, క్షార గుణానికి మరక ఎర్రబడుతుంది, ఇంకా హడలిపోతారు. చల్లటి నీళ్లతో ఉతికి ఎండలో ఆరేస్తే పసుపు రంగు మెల్లమెల్లగా వెలిసిపోతుంది. నూనె మరక అలా పోదు.

అపోహ: అమ్మ పాత చీరలుంటే చాలు, గుడ్డ కొనే పనే లేదు.

వాస్తవం: సగం నిజం. నేత చీర పాతబడ్డాక బొంతకు ఎంత బాగుంటుందో క్విల్ట్‌కూ అంత బాగుంటుంది. కానీ చీరంతా ఒకేలా అరగదు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే కూర్చునే చోట, కుచ్చిళ్ల కింది అంచున దారాలు పలచబడి కనిపిస్తాయి. పైట కొంగు గట్టిగా ఉంటుంది, ముక్కలు అక్కడి నుంచి తీయండి. పట్టు, సన్నటి వాయిల్ లాంటివి జారిపోతాయి, వెనక పలచటి ఇంటర్‌ఫేసింగ్ అస్తరు అంటించి కోస్తేనే కొలత నిలుస్తుంది. పెడన అద్దకాల కలంకారి, మంగళగిరి నూలు తెచ్చుకునేవారు ముందే విడిగా ఉతకండి. ఉతికిన నీళ్లలో రంగు ఆగేదాకా ఉతకాలి. ఉతకని ఎరుపును తెల్లటి గడి పక్కన కుడితే మొదటి ఉతుకులోనే తెలుపు గులాబీ అవుతుంది. చీరలున్నా బ్యాటింగ్, అడుగు గుడ్డ, దారం ఎలాగూ కొనాలి. క్విల్టింగ్ కాటన్ గజం 12 డాలర్ల పైమాటే. జీతం లేని నెలలో అసలు ఖర్చు ఇంటి అద్దె దగ్గర కాదు, దారిలో ఆగే గుడ్డల కొట్ల దగ్గర అవుతుంది.

అపోహ: ఒకప్పుడు అమెరికాలో బానిసత్వం నుంచి పారిపోయేవారికి క్విల్ట్‌లు రహస్య పటాలుగా పనిచేశాయి.

వాస్తవం: ఏదో ఒక కొట్లో, పెరట్లో ఆరేసిన క్విల్ట్ చూపించి ఈ కథ చెబుతారు. 1999లో వచ్చిన ఒక పుస్తకంతో బాగా వ్యాపించింది. ఆ కాలపు ఆధారాలేవీ దీన్ని బలపరచడం లేదని క్విల్ట్ చరిత్రకారులు చాలాసార్లు చెప్పారు. నల్లజాతి మహిళల క్విల్ట్‌ల గురించి నిజంగా తెలుసుకోవాలంటే అలబామాలోని జీస్ బెండ్ అనే ఊరి వైపు చూడాలి. అక్కడివాళ్లు అరిగిన పని బట్టల నుంచి కుట్టిన దుప్పట్లు 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ప్రదర్శనకెక్కాయి, 2006లో తపాలా బిళ్లల మీదికీ వచ్చాయి. వాటిలో గీతలు వంకరగా ఉంటాయి, కావాలనే ఉంటాయి. పావు అంగుళం గురించి ఇంత ఉపన్యాసం ఇచ్చిన నేనే వాటి ముందు నోరు మూసుకుంటాను.

మా టెక్సస్ బృందాలు సగం రోజు లాగ్రాంజ్‌లోని టెక్సస్ క్విల్ట్ మ్యూజియానికి కేటాయిస్తాయి. హ్యూస్టన్ క్విల్ట్ ఫెస్టివల్‌ను పెంచి పోషించిన కేరీ బ్రెసెన్‌హాన్, నాన్సీ ఓబ్రయంట్ ప్వెంటెస్ 2011లో దాన్ని తెరిచారు. వారమంతా తెరిచి ఉండదు, రోజులు చూసుకుని వెళ్లండి.

అపోహ: రిట్రీట్ హౌస్‌లు నెలల ముందే నిండిపోతాయి, ఉన్నపళంగా దొరకవు.

వాస్తవం: నిండేవి గురువారం నుంచి ఆదివారం వరకు. ఉద్యోగాల మధ్య ఉన్నవారికి సోమవారం, గురువారం ఒకటే కదా! వారం మధ్య రోజులకు అడిగితే రెండు వారాల ముందు కూడా ఇల్లు దొరుకుతుంది, చాలాచోట్ల అద్దె కూడా తగ్గిస్తారు. ఉద్యోగంలో ఉన్న స్నేహితులు రెండు రోజులు సెలవు పెట్టి బుధవారం వచ్చి కలుస్తారు. మాట్లాడేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: బల్లలు, కుర్చీలు తలకొకటి ఉన్నాయా, బ్లాకులు అంటించి దూరం నుంచి చూసుకునే డిజైన్ వాల్ ఉందా, బ్రేకర్ పెట్టె ఎక్కడుంది. మూడో ప్రశ్నకు ఇంటివారు కాస్త వింతగా చూస్తారు. అయినా అడగండి.