గుండె పంపుల వివాదం: అసలు మలుపు 2017లోనే

హార్ట్‌మేట్ 3 పంపు మీద 2024లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అత్యంత తీవ్రమైన తరగతి రీకాల్ ప్రకటించినప్పటి నుంచి, ఒంట్లో ఉన్న పంపును తీయించేసుకోవాలా అన్న ప్రశ్న రోగుల కుటుంబాల్లో మళ్లీ మొదలైంది. వార్తల్లో ‘కృత్రిమ గుండె’ అంటున్నా, దీన్ని పెట్టడానికి గుండెను తీసెయ్యరు. గుండె కింది ఎడమ గది, అంటే ఎడమ జఠరిక కొనకు అమర్చిన ఈ ఎల్‌వ్యాడ్ (ఆ గదికి సాయపడే పంపు) అక్కడి రక్తాన్ని లాగి, ఒక గొట్టం గుండా బృహద్ధమనిలోకి తోస్తుంది. పొట్ట చర్మంలోంచి బయటికొచ్చే డ్రైవ్‌లైన్ తీగే దానికి కరెంటు దారి.

1982 నాటి అసలైన కృత్రిమ గుండె జార్విక్-7 నుంచి మొదలుపెడితే ఇప్పటి గొడవ అంతు చిక్కదు. హెచ్‌వ్యాడ్ అనే మరో ఎల్‌వ్యాడ్ దగ్గర ఆగాలి. ఆ పంపు గుండె చుట్టూ ఉన్న పొరలోనే ఇమిడేంత చిన్నది. పోటీలో ఉన్న హార్ట్‌మేట్ 2 లోపల రక్తం గడ్డకట్టి, పంపునే మార్చాల్సి వస్తున్న రోజులవి. ఈ రెండింటినీ పోలుస్తూ 2017లో వెలువడిన ఎండ్యూరెన్స్ పరీక్షలో 446 మంది రోగులున్నారు. పంపు చెడిపోవడం వల్ల మార్చాల్సి వచ్చినవి హెచ్‌వ్యాడ్‌లో 8.8 శాతం, హార్ట్‌మేట్ 2లో 16.2 శాతం. పక్షవాతం దగ్గర లెక్క తిరగబడింది: హెచ్‌వ్యాడ్ వాళ్లలో 29.7 శాతం, రెండో పంపు వాళ్లలో 12.1 శాతం.

బీపీని అదుపులో పెడితే చాలన్నది తయారీదారు వాదన. సగటు బీపీని 85 లోపు ఉంచుతూ ఇంకో పరీక్ష చేశారు. పక్షవాతాలు తగ్గాయి గానీ, ముందే పెట్టుకున్న ప్రధాన లక్ష్యం అందలేదు. అయినా 2017 సెప్టెంబరులో, గుండె మార్పిడికి వీలులేని వాళ్లకు హెచ్‌వ్యాడ్‌ను శాశ్వతంగా అమర్చడానికి అనుమతి వచ్చేసింది. అప్పటికే కాగితం మీదున్న తేడాను పక్కనపెట్టి, భారమంతా రోగి బీపీ మీదికి నెట్టారు.

2021 జూన్ 3న తయారీ సంస్థ మెడ్‌ట్రానిక్ హెచ్‌వ్యాడ్ అమ్మకాలు ఆపేసింది. అప్పుడు చెప్పిన కారణాల్లో మొదటిది మెదడుకు సంబంధించిన ఇబ్బందులు, మరణాలు ఇతర పంపులకన్నా ఎక్కువగా ఉండటం. రెండోది, ఒకసారి ఆగిన పంపు ఆలస్యంగా తిరగడం, లేదా అసలు తిరగకపోవడం. దీని మీద 100కు పైగా ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో 14 మరణాలు. ప్రపంచంలో సుమారు 4,000 మంది ఒంట్లో ఆ పంపు అప్పటికే తిరుగుతోంది. ముందు జాగ్రత్తగా తీయించుకోవద్దన్నారు. ఆ సలహా సరైనదే. అతుక్కుపోయిన కణజాలం మధ్య ఛాతీని మళ్లీ తెరవడం చిన్న విషయం కాదు.

హార్ట్‌మేట్ 3 సమస్య వేరు. దాని రోటార్ (తిరిగే భాగం) అయస్కాంతాల మధ్య తేలుతూ తిరుగుతుంది, కాబట్టి లోపల గడ్డలు బాగా తగ్గాయి. చిక్కంతా పంపు నుంచి బృహద్ధమనికి రక్తం వెళ్లే గొట్టం దగ్గరే. గొట్టానికీ దాని మీది తొడుగుకీ మధ్య జిగురులాంటి పదార్థం ఏళ్ల తరబడి పేరుకుని, గొట్టాన్ని బయటి నుంచి నొక్కేస్తుంది. రీకాల్ నాటికి 14 మరణాలు నమోదయ్యాయి. ఇక్కడ మాత్రం ముందుగా సూచన అందే అవకాశం ఉంది: పంపులో రక్త ప్రవాహం తగ్గిందని చెప్పే ‘లో ఫ్లో’ అలారం. ఒంట్లో నీరు తగ్గినా అది మోగుతుంది. నీళ్లు తాగి ఊరుకోకుండా, వెంటనే ఎల్‌వ్యాడ్ బృందానికి ఫోన్ చెయ్యాలి. అలారం ఆగకపోతే సీటీ యాంజియో తీయించాలి. గొట్టం నొక్కుకుపోయిందని తేలితే లోపల స్టెంట్ వేస్తారు, లేదా ఆపరేషన్ చేస్తారు.

ఏ పంపైనా, దానికి కరెంటు ఇచ్చే రెండు బ్యాటరీలనూ ఒకేసారి తీయకూడదు. ఒకటి మార్చి, అది పనిచేస్తోందని చూశాకే రెండోదాని మీద చెయ్యి వెయ్యాలి.