శీతకాలపు చేలలో పావురాల వేట: ఇంగ్లండ్ వివాదం వెనుక కథ

ఇంగ్లండ్‌లో వుడ్‌పిజన్ అనే అడవి పావురాన్ని పంట కాపాడుకోవడం కోసం ఏడాదిలో ఏ నెలలోనైనా కాల్చవచ్చు. అయితే అది హక్కు కాదు, షరతులతో ఇచ్చిన అనుమతి. 2019 ఏప్రిల్ 25న ప్రకృతి రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ ఆ అనుమతిని రెండు రోజుల ముందు మాత్రమే ప్రకటించి రద్దు చేయడంతో రైతులు, వేటగాళ్లు ఒకవైపు, పక్షుల రక్షణ కోరేవారు మరోవైపు మోహరించారు. దీన్ని కోర్టు తగాదాగా మాత్రమే చూస్తే సగమే అర్థమవుతుంది. మిగతా సగం అక్కడి చేలలో, మారుతూ వచ్చిన పంటలలో ఉంది.

అర కిలో బరువుండే ఈ పక్షికి మెడ పక్కన తెల్ల మచ్చ, రెక్కల మీద తెల్ల పట్టీ ఉంటాయి. ఒకప్పుడు ఇది ప్రధానంగా అడవి పక్షి. ఓక్, బీచ్ చెట్ల కాయలే దానికి చలికాలపు తిండి, ఆ కాయలు కాయని ఏడాది ఆకలి తప్పేది కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ రైతులు గోధుమ, బార్లీలతో పాటు క్లోవర్ అనే పశుగ్రాసాన్ని, టర్నిప్ దుంపను పంటల మార్పిడిలోకి తెచ్చినప్పుడు, అంతవరకు శీతకాలంలో బీడుగా ఉండే నేల మీద పచ్చని మేత పరుచుకుంది. అడవి అంచున గూడు, పక్కనే చేనులో మేత దొరకడంతో 19వ శతాబ్దంలో ఈ పావురాలు విపరీతంగా పెరిగాయి.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి ప్రతి గింజా లెక్కలోకి వచ్చి, పావురం దేశపు తిండికి శత్రువుగా ముద్రపడింది. యుద్ధం ముగిశాక కూడా ప్రభుత్వం తూటాల ఖర్చులో కొంత భరించి వేటను ప్రోత్సహించింది. ఫిబ్రవరిలో, అప్పటికి ఫెజెంట్ అనే వేట పక్షి కాలం ముగిసి ఉంటుంది కాబట్టి, ఊళ్లలోని తుపాకీలన్నీ సాయంత్రం వేళ అడవుల్లో పొంచి, రాత్రి వాలడానికి వచ్చే గుంపులను కాల్చేవి. శీతకాలంలో చంపినన్ని పక్షులు వేసవికి తగ్గుతాయన్నది ఆనాటి నమ్మకం.

ఆ నమ్మకాన్ని పరీక్షించినవాడు వ్యవసాయ మంత్రిత్వ శాఖలోనే పనిచేసిన శాస్త్రవేత్త రోనాల్డ్ మర్టన్. కేంబ్రిడ్జ్‌షైర్‌లోని కార్ల్‌టన్ అనే పల్లె చుట్టూ ఏళ్ల తరబడి పక్షులను, వాటి మేతను లెక్కిస్తూ పోయిన ఆయన బృందం, సంఖ్యను నిర్ణయిస్తున్నది తుపాకీ కాదనీ, చలి చివర మిగిలే క్లోవర్ ఆకు అనీ తేల్చింది. కోతల తరువాత, సెప్టెంబరు నాటికి పిల్లలతో కలిసి సంఖ్య బాగా పెరుగుతుంది. ఆ మందను ఫిబ్రవరి దాకా పోషించేంత మేత చేలలో ఉండదు కాబట్టి, మిగులు పక్షులు ఎలాగూ ఆకలికి రాలిపోతాయి లేదా వలసపోతాయి. వేటగాడు చంపినవి చాలావరకు ఆ మిగులులోవే. పోయిన వాటి వాటా మేత బతికున్నవాటికి దక్కుతుంది, అవి వసంతానికి చేరుకుంటాయి. తాను పనిచేసే ప్రభుత్వమే డబ్బు పోస్తున్న పథకం ఫలితమివ్వడం లేదని లెక్కలతో చూపిన ఆ నిజాయితీకి ఈ చరిత్రలో పెద్ద స్థానమే ఇవ్వాలి.

తరువాత క్లోవర్ చేలే తగ్గిపోయాయి, పావురాలూ తగ్గాయి. అంతలో 1973లో బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది, ఆ సమాజం ఇచ్చే రాయితీలతో రేప్‌సీడ్ అనే నూనెగింజల పంట దేశమంతా అల్లుకుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో విత్తే ఈ పంట చలికాలమంతా లేత ఆకుతో నిలబడుతుంది. మర్టన్ లెక్కలో పావురాన్ని అదుపులో ఉంచిన ఆకలి కాలాన్ని ఈ పంట చాలావరకు తుడిచిపెట్టింది, దానితో పక్షుల సంఖ్య మళ్లీ ఎగబాకింది. ఇప్పుడు బ్రిటన్‌లో ఇవి సుమారు 50 లక్షల జతలు. గుంపు వాలిన చోట ఆకు పోయి ఈనెలు మాత్రమే మిగులుతాయి, మొక్క గిడసబారుతుంది, పూత వెనకబడుతుంది, కోతనాటికి చేను ఒకేసారి పండదు.

తోటి పక్షులను రప్పించే దీమపు పక్షులతో వేట ఈ చేలకు సంబంధించినదే. పొంచి కాల్చడం ఇందులో చివరి పని మాత్రమే. ముందుగా వేటగాడు దూరం నుంచి దుర్భిణీతో గమనించి, గుంపులు ఏ చెట్ల వరుస వెంబడి వస్తున్నాయో, చేనులో ఏ మూల వాలుతున్నాయో గుర్తుపడతాడు. కంచె పక్కన వల కట్టి మాటు వేసుకుంటాడు. ఎదురుగా చనిపోయిన పావురాలనో ప్లాస్టిక్ బొమ్మలనో గుర్రపు నాడా ఆకారంలో, తలలు ఇంచుమించు గాలికి ఎదురుగా ఉండేలా అమర్చి, మధ్యలో ఖాళీ వదులుతాడు. గాలికి ఎదురుగా వాలే పక్షి ఆ ఖాళీలోకే దిగుతుంది. బ్యాటరీతో తిరిగే చువ్వల చివర రెక్కలు విప్పిన పక్షులను కట్టి, వాలుతున్నట్టు కనిపించేలా చేయడం ఈమధ్య కాలపు పద్ధతి. మంత్రిత్వ శాఖ పరిశోధనలో తేలిన మరో సంగతి ఉంది. రెక్కలు ముడుచుకున్న పక్షి కళేబరం తోటి పక్షులను రప్పిస్తే, రెక్కల మీది తెల్ల పట్టీలు కనిపించేలా పరిచి నేల మీద కదలకుండా ఉంచినది వాటిని బెదరగొడుతుంది. పైకెగిరే పక్షి రెక్కల్లో ఆ తెలుపు తళుక్కుమనడం మిగతావాటికి ప్రమాద సూచన. ఈ విద్యనే బతుకుతెరువుగా చేసుకున్న మేజర్ ఆర్చీ కోట్స్ 1962లో హాంప్‌షైర్‌లో ఒక్క రోజులో 550 పక్షులను కాల్చాడు. ఆ అంకె చాలాకాలం గొప్పగా చెప్పుకున్నదే అయినా, చేను ఎంతవరకు దక్కిందన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

చట్టం అడుగుతున్నది సరిగ్గా ఆ ప్రశ్ననే. 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం వుడ్‌పిజన్‌ను మొదట పీడపక్షుల జాబితాలో ఉంచింది. భూమి యజమాని గాని, ఆయన అనుమతి పొందినవారు గాని అప్పట్లో ఎప్పుడైనా చంపగలిగేవారు. అది 1979 నాటి యూరప్ పక్షుల రక్షణ ఆదేశానికి పొసగదు కాబట్టి, 1990ల ఆరంభంలో ఆ జాబితాను ఎత్తివేసి, ఎవరూ విడిగా దరఖాస్తు చేయనక్కరలేని సాధారణ అనుమతుల పద్ధతి పెట్టారు. వేరే తగిన మార్గం లేనప్పుడే అనుమతివ్వాలన్న నిబంధనను అధికారులు నిజంగా పరిశీలించకుండానే వీటిని ఏటా జారీ చేస్తున్నారని టీవీ వ్యాఖ్యాత క్రిస్ ప్యాకమ్, మార్క్ ఏవరీ, రూత్ టింగే స్థాపించిన వైల్డ్ జస్టిస్ సంస్థ సవాలు చేసింది, నేచురల్ ఇంగ్లండ్ లోపాన్ని ఒప్పుకొని 2019లో వాటిని రద్దు చేసింది. వసంతపు విత్తనాలు వేసే వేళకు వచ్చిన ఆ రద్దుతో రైతులు బెంబేలెత్తారు. ప్యాకమ్ ఇంటి గేటుకు ఎవరో చచ్చిన కాకులను వేలాడదీశారు, అది ఏ కోపానికీ సమర్థనీయం కాని పని. పర్యావరణ శాఖ స్వయంగా రంగంలోకి దిగి అదే ఏడాది జూన్ 14న కొత్త అనుమతులిచ్చింది. 2021 జనవరి నుంచి జీఎల్42 అనే సాధారణ అనుమతి పంటనష్టం విషయంలో అమలులోకి వచ్చింది.

నా దృష్టిలో ఇరుపక్షాల వాదనలోనూ ఒక గందరగోళం ఉంది. దేశంలో పావురాలను తగ్గించడం వేరు, ఫలానా చేనును ఫలానా వారంలో కాపాడుకోవడం వేరు. మొదటిది శీతకాలపు తుపాకీతో సాధ్యం కాదని మర్టన్ అరవై ఏళ్ల కిందటే చూపాడు. రెండోది సాధ్యమే. తుపాకీ మోత, పడిపోయే పక్షి, చేనులో మనిషి ఉనికి కలిసి గుంపును మరో చోటికి తోలుతాయి, మనవాళ్లు జొన్నచేలో మంచె మీద నుంచి వడిసెలతో చేసినట్టే. పేలుడు మోత మాత్రమే చేసే గ్యాస్ తుపాకులు, బొమ్మలు, గాలిపటాలు కూడా అదే పని చేస్తాయి గాని, రెండు మూడు రోజుల్లో పక్షులు వాటికి అలవాటు పడతాయి. అందుకే వేటను వాటితో కలిపి, చేను లేతగా ఉన్నప్పుడు, గుంపు నిజంగా వాలుతున్న చోట మాత్రమే వాడితే వేరే తగిన మార్గం లేనప్పుడే అన్న జీఎల్42 షరతుకు నిలబడుతుంది. చేలకు నష్టమే లేని చోట వారాంతపు సరదాగా వందలకొద్దీ కాల్చి, దానికి పంట రక్షణ పేరు పెట్టడం నిలబడదు.

ఈ వేటలో వాడే తూటాల్లోని సీసం అనే లోహపు రవ్వలు కూడా ఎక్కువ కాలం ఉండవు. నేల మీద పడ్డ సీసాన్ని గులకరాళ్లనుకుని మింగే పక్షులు విషప్రభావంతో చనిపోతున్నందున, ఆ రవ్వలను నిషేధిస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 జులైలో ప్రకటించింది. మూడేళ్ల గడువు తరువాత చేలలోని వేటగాళ్లు ఉక్కు వంటి ఇతర లోహాల తూటాలకు మారవలసి ఉంటుంది.