తిన్నటి తీరంలో లంగరు ఎక్కడ వేయాలి?

ఒంగోలు దగ్గరి కొత్తపట్నం నుంచి శ్రీహరికోట దాకా మ్యాపు మీద వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్తే, ఎక్కడా పెద్దగా మలుపు తగలదు. విశాఖలో ఉన్నట్టు సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ లేదు, దాని చాటున నీళ్లు నిదానించే మూల లేదు. పాకాల, రామాయపట్నం, మైపాడు, కోడూరు, తూపిలిపాళెం, అన్నీ తూర్పుకు తెరుచుకున్న ఇసుక ఒడ్డులే. చిన్న బోటులో వెళ్లి, రాత్రి నీటి మీదే పడుకుని, తెల్లారాక కాసేపు స్నార్కెలింగ్ (నోట గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి అడుగు చూస్తూ ఈదడం) చేసి, వెంట తెచ్చుకున్న కుక్కను ఒడ్డున తిప్పాలనుకునేవాళ్లకు ఇంత తిన్నటి తీరం దొరకడం అదృష్టమేమీ కాదు.

గాలి లేకపోతే చాలు, రాత్రి హాయిగా గడుస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి నిద్ర చెడగొట్టేది స్వెల్, అంటే ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో రేగిన తుఫాను నుంచి వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే పొడవాటి అల. ఇక్కడ ఆకు కదలకపోయినా అది వస్తూనే ఉంటుంది. 12 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే స్వెల్‌లో, లోతు నీళ్లలో రెండు శిఖరాల మధ్య దూరం దాదాపు 225 మీటర్లు. అందులో సగం లోతుకు, అంటే 110 మీటర్ల నీళ్లలోకి వచ్చేసరికే దానికి అడుగు నేల తగలడం మొదలవుతుంది. లోతు తక్కువైన వైపు అల నెమ్మదిస్తుంది, రెండో వైపు ముందుకు దూసుకొస్తుంది. అలా వంగుతూ వంగుతూ, దక్షిణం నుంచి బయల్దేరిన అల కూడా చివరికి ఒడ్డుకు దాదాపు ఎదురుగానే వచ్చి తగులుతుంది. మైపాడులో లంగరేసినా పాకాలలో వేసినా తేడా ఉండనిది ఇందుకే.

పైగా లంగరు మీదున్న పడవ ముక్కు అల వైపు తిరగదు, గాలి వైపు తిరుగుతుంది. గాలి దక్షిణం నుంచో ఉత్తరం నుంచో వీస్తూ అల తూర్పు నుంచి వస్తే, పడవ పక్కభాగం అలకు దొరుకుతుంది. అప్పుడు అరమీటరు అలకు కూడా రాత్రంతా ఊయలే, కడుపులో తిప్పుడే. దీనికి తేలికైన విరుగుడు ఉంది. పడవ వెనక భాగం నుంచి ఇంకో తాడు తెచ్చి లంగరు తాడుకు కట్టి, పొడవు సరిచేసుకుంటూ ముక్కును అలకు ఎదురుగా తిప్పుకోవాలి. స్వెల్ ఎత్తు, ఎన్ని సెకన్లకు ఒకటి వస్తుంది, ఏ దిక్కు నుంచి వస్తుంది అన్నది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ముందే చెబుతుంది. నన్నడిగితే వాతావరణం యాప్‌లో గాలి చూసే ముందు ఇది చూడాలి.

మరి ఈ తీరంలో చాటు అసలు లేదా? ఉంది, రెండు రకాలుగా. రెండూ ఇసుక పుణ్యమే.

మొదటిది కంటికి కనపడదు. దుగరాజపట్నానికి ఎదురుగా సముద్రంలో ఆర్మగాన్ షోల్ అనే ఇసుక దిబ్బ నీళ్ల కింద ఉంది. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతులో విరిగిపోతుంది, కాబట్టి పెద్ద అలలు దిబ్బ మీదే బలం పోగొట్టుకుంటాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీటిని పాత ఇంగ్లీషు పటాల్లో బ్లాక్‌వుడ్ హార్బర్ అని రాసుకున్నారు. ఈస్టిండియా కంపెనీ 1620ల్లో ఇక్కడే ఆర్మగాన్‌లో స్థావరం పెట్టుకుంది. దాని అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో చవకగా దొరికే బట్టల కోసం మద్రాసు చోటు కుదుర్చుకున్నాడు. అక్కడ ఓడకు ఏ చాటూ లేదు! వ్యాపారి లెక్క వేరు, పడవలో పడుకునేవాడి లెక్క వేరు. ఈ దిబ్బ చాటుకు ఒక మెలిక ఉంది. ఇక్కడ పౌర్ణమి, అమావాస్యల పోటుకూ (నీరు ఎక్కడం) పాటుకూ (నీరు తీయడం) మట్టంలో తేడా ఇంచుమించు ఒక మీటరు. పాటులో దిబ్బ మీద నీళ్లు తగ్గి అలలు బాగా ఆగుతాయి. అర్ధరాత్రి పోటు వచ్చిందంటే అవే అలలు దిబ్బ దాటి వస్తాయి. సాయంత్రం నిశ్చలంగా ఉందని మురిసిపోకుండా పోటు టైమ్ చూసుకోవాలి.

రెండోది ఏరు సముద్రంలో కలిసే మొగ లోపల. ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాల నెలల్లో దక్షిణానికి. మొత్తం మీద ఉత్తరానిదే పైచేయి. ఆ ఇసుకే ఏటి నోటికి అడ్డంగా దిబ్బ కడుతుంది. వరద బలంగా ఉంటే దాన్ని తెంచుతుంది, లేకపోతే నోరు పూడుతుంది. నిరుడు దాటిన దారి ఈ ఏడు ఉంటుందనే హామీ లేదు. అక్కడి మత్స్యకారులను అడగనిదే లోపలికి వెళ్లొద్దు. దాటేది పోటు ఎక్కేటప్పుడే. పాటులో బయటికి దూకే నీరు ఎదురొచ్చే అలను కుదిస్తుంది, అలా కుదించుకుపోయిన అల ఎత్తు పెరిగి నిటారుగా లేస్తుంది. చిన్న బోట్లు తిరగబడేది ఎక్కువగా అక్కడే. కృష్ణపట్నం దగ్గర కండలేరు మొగ లోతుగానే ఉంటుంది గానీ అది పెద్ద ఓడల దారి. పులికాట్ సరస్సు లోతు సగటున ఒక మీటరే. శ్రీహరికోట ఒడ్డున దిగడం కుదరదు, అది షార్ నిషిద్ధ ప్రాంతం. ఎక్కడ ఆగినా మెరైన్ పోలీసులకు ముందుగా చెప్పడం, రాత్రి తెల్లదీపం వెలిగించడం, వలల దారికి అడ్డం రాకపోవడం తప్పనిసరి.

లంగరు నాగలి లాంటిది. నేల వెంబడి లాగితే లోపలికి దిగుతుంది, పైకి లాగితే ఊడొస్తుంది. అందుకే తాడు పొడవు కావాలి. నీళ్లు 4 మీటర్లు, పడవ ముక్కు ఇంకో మీటరు ఎత్తు అనుకుంటే కనీసం 25 మీటర్లు వదలాలి. గాలి ఉంటే 35. పోటుకు పెరిగే మీటరును ముందే కలుపుకోవాలి. లంగరు దగ్గర కొన్ని మీటర్లు గొలుసు ఉంటే దాని బరువుకు లాగుడు నేలబారుగా వస్తుంది.

స్నార్కెలింగ్ విషయంలో ఆశలు తగ్గించుకోవడం మంచిది. నదుల ఒండ్రు, మంచినీరు, ఇసుక అడుగు ఉన్నచోట పగడం నిలదొక్కుకోదు. పగడాలు చూడాలంటే మన్నారు సింధుశాఖ లాంటి చోటికే పోవాలి. ఇక్కడ వానలు వెనకబట్టి సముద్రం నెమ్మదించాక, ఉదయం సముద్రపు గాలి మొదలు కాకముందు కాస్త తేటగా కనిపించవచ్చు. మొగ దగ్గర మాత్రం దిగొద్దు, ప్రవాహం ఈతగాడిని లాక్కుపోతుంది.

ఇక కుక్క. దానికి ఉదయం, సాయంత్రం నేల కావాలి. సముద్రం వైపు ఒడ్డున విరిగే అలల్లో దాన్ని దించడం దానికీ మనకీ టెన్షనే. అంతకంటే ముఖ్యంగా, జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇదే ఇసుకలోకి రాత్రిపూట వచ్చి, ఒక్కోటి వందకు పైగా గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక కింద ఉన్న గూడు మనకు కనపడకపోయినా కుక్క ముక్కుకు దొరికిపోతుంది, తవ్విందంటే గూడు మొత్తం పోయినట్టే. 1972 వన్యప్రాణి చట్టం ఈ తాబేళ్లకు అత్యున్నత రక్షణ ఇస్తోంది, కానీ కుక్క గొలుసు మన చేతిలో ఉండాలి కదా. కాబట్టి మొగ లోపల, ఏటి గట్టు వైపు దించడమే నయం. అక్కడ తాబేళ్లు గుడ్లు పెట్టడం అరుదు. బురద మేటల మీద మేసే పక్షుల వైపు మాత్రం కుక్కను వదలకూడదు. ఆల్చిప్పలకు పాదాలు కోసుకోకుండా చూసుకోవాలి. మంచినీళ్లు గిన్నెలో పోసి ముందే పెట్టాలి, దాహంతో ఉప్పునీళ్లు తాగిందంటే వాంతులు మొదలవుతాయి.