స్టూడియో తలుపులు తెరిచే సాయంత్రాలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో కొందరు కళాకారులం కలిసి నడుపుకుంటున్న సామూహిక స్టూడియోలో నెలకొకసారి సాయంత్రం నుంచి రాత్రి వరకు అందరికీ తలుపులు తెరిచి ఉంచుతాం. దీన్నే ఓపెన్ నైట్ అంటాం. ఒక గదిలో ఆ నెల ప్రదర్శన ఉంటుంది. పక్క గదిలో లినోకట్ (లినోలియం అనే మెత్తని పలక మీద చెక్కి కాగితం మీద అచ్చు వేయడం), మట్టిపని, కలంకారీ వంటి వాటిలో ఏదో ఒకదాన్ని వచ్చినవారు స్వయంగా చేసి చూసే కార్యశాల జరుగుతుంది. మిగిలిన బల్లల దగ్గర మేము మా రోజువారీ పని చేసుకుంటూ ఉంటాం. ఈ మూడో భాగాన్ని చాలామంది అంతగా పట్టించుకోరు గాని, ఓపెన్ నైట్‌కు ప్రాణం అదేనని నా నమ్మకం. గోడ మీద కనిపించేది పూర్తయిన బొమ్మ మాత్రమే. దాని వెనుక ఎంత కాలం పట్టిందో, ఏ పదార్థాలు వాడారో, ఎన్ని చేతులు పనిచేశాయో అక్కడ తెలియదు. మమ్మల్ని అడిగే ప్రశ్నల్లోనూ, రాలేకపోయినవారు చెప్పే కారణాల్లోనూ ఎక్కువ భాగం ఆ కనిపించని పనికి సంబంధించిన అపోహలే కనుక, తరచూ వినవచ్చేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బొమ్మలు వేయడం రానివారు వచ్చినా, చూసి వెళ్లడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు.

"నాకు చిన్నప్పటి నుంచీ డ్రాయింగ్ రాదండీ" అంటూ గుమ్మం దగ్గరే ఆగిపోయేవారు ప్రతిసారీ ఉంటారు. బొమ్మ గీయడం కళలోని అనేక పనుల్లో ఒకటి మాత్రమే. లినోకట్ బల్ల దగ్గర జరిగే పనుల్లో చెక్కడం, సిరా పరచడం, కాగితం అదమడం ముఖ్యమైనవి. రూపం కోసం ఒక వేపాకునో చింతకొమ్మనో లినో మీద పెట్టి చుట్టూ గీత గీసుకున్నా సరిపోతుంది. పేరులోని మొదటి అక్షరం చెక్కుతామనేవారే ఎక్కువ కాబట్టి, చెక్కినది కాగితం మీద కుడి ఎడమలు మారి పడుతుందని ముందే చెప్పి, అక్షరాన్ని ట్రేసింగ్ కాగితం మీద రాసి, తిరగేసి దించుకోమంటాం. అద్దం మీద రోలరు దొర్లించేటప్పుడు సిరా మరీ మందంగా ఉంటే బంక చప్పుడు వస్తుంది; సమంగా పరుచుకున్నాక అది సన్నని చిటచిటగా మారుతుంది. ఆ తేడాను చెవితో పట్టుకోవడం డ్రాయింగ్ వచ్చినవారికీ రానివారికీ ఒకే విధంగా కొత్త. ప్రెస్సు లేకపోయినా, కాగితం వెనుక గరిటె వీపుతో గుండ్రంగా రుద్దితే చక్కని ముద్ర పడుతుంది.

దీనికి తోడుగా వచ్చే భయం ఉలుల గురించి. పిల్లలకు మొద్దుబారిన ఉలి ఇస్తే వేలు తెగదని తల్లిదండ్రులు అనుకుంటారు, కాని ప్రమాదం మొద్దు ఉలితోనే ఎక్కువ. అది లినోలో దిగదు కనుక చేయి బలమంతా దాని మీద పెడుతుంది, అది జారినప్పుడు ఆ బలంతోనే వచ్చి తగులుతుంది. అందుకే ఉలులను పదును పెట్టి ఇస్తాం, చల్లగా బిగుసుకున్న లినోను కాస్త వేడి చేసి మెత్తబరుస్తాం, లినోను పట్టుకున్న చేయి ఎప్పుడూ ఉలి మొనకు వెనుకే ఉండాలన్న ఒక్క నియమాన్ని మాత్రం ఎవరికీ సడలించం.

అపోహ: ఇది విదేశాల నుంచి వచ్చిన నగర ఫ్యాషన్.

పని చేసే చోటికి జనాన్ని పిలవడం మన దేశంలో కొత్త సంగతి కాదు. శాంతినికేతన్ కళాభవనంలో చిత్రకారుడు నందలాల్ బోస్ జయంతిని పురస్కరించుకుని ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో నందన్ మేళా జరుగుతుంది. విద్యార్థులు, అధ్యాపకులు తాము చేసిన వస్తువులను అందుబాటు ధరలకు అక్కడ అమ్మితే, ఆ డబ్బు విద్యార్థుల సంక్షేమానికి వెళుతుంది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ నాయకత్వంలో మద్రాసు శివార్లలో కళాకారులు నెలకొల్పుకున్న చోళమండలం అనే కళాకారుల గ్రామం, బాతిక్ (మైనం పూసి గుడ్డకు రంగులద్దడం) వంటి చేతిపనుల అమ్మకాల మీద నిలదొక్కుకుంది. మన రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు 1923లో చిత్రకళాశాల ప్రారంభించి, తనతోపాటు ఊళ్లోని యువకులను చిత్రకళ వైపు నడిపించారు. 1925లో ఇరవై ఎనిమిదో ఏడు నిండకుండానే ఆయన కన్నుమూసినా ఆయన చిత్రాలను ఆ ఊరు ఇప్పటికీ తన గ్యాలరీలో భద్రంగా చూసుకుంటోంది. ఇక చేర్యాల పటాలైతే గ్రామంలో అందరి మధ్య విప్పి, కథకులు ఒక్కొక్క దృశ్యాన్నీ చూపుతూ కథ చెప్పడానికే పుట్టాయి. ఆ పటాన్ని అద్దాల చట్రంలో మౌనంగా వేలాడదీయడమే దాని చరిత్రలో కొత్త విషయం.

అపోహ: చేసిన మట్టి పాత్రను ఆ రాత్రే ఇంటికి తీసుకెళ్లవచ్చు.

ఈ ఒక్క విషయంలో నిరాశపడేవారు అందరికన్నా ఎక్కువ, వారిని తప్పుపట్టలేం కూడా. తడి మట్టితో చేసిన పాత్రను అలాగే ఇంటికి పంపితే దారిలో వంగిపోతుంది. ఎండాక నీళ్లు తగిలితే మళ్లీ మట్టి అయిపోతుంది. పాత్ర పాత్రగా నిలవాలంటే కాలాలి, కాలాలంటే ముందు లోపలి దాకా ఆరాలి. పలుచని ప్లాస్టిక్ కప్పి నెమ్మదిగా ఆరబెట్టకపోతే అంచులు ముందే ఆరి, అడుగు తడిగా ఉండి, రెండింటి మధ్యా బీట పడుతుంది. మందాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి దీనికి వారం నుంచి రెండు వారాలు పట్టవచ్చు. వానాకాలంలో ఇంకా ఎక్కువ. పైకి తెల్లబడినంత మాత్రాన ఆరినట్టు కాదు. పాత్ర అడుగును చెంపకు ఆనించి చూసినప్పుడు చల్లగా తగిలితే లోపల ఇంకా తేమ ఉందని అర్థం, దాన్ని మళ్లీ అరలోనే పెడతాం.

గాలి బుడగల వల్లనే పాత్రలు బట్టీలో పేలిపోతాయని మట్టిపని నేర్పేవారు కూడా చెబుతుంటారు. అసలు కారణం తేమ. మట్టిలో మిగిలిపోయిన నీరు వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆవిరై, బయటికి పోయే దారి దొరక్క మట్టిని పగలగొడుతుంది. బుడగ ఉన్నా పూర్తిగా ఆరిన పాత్ర నిక్షేపంగా కాలుతుంది, బుడగ లేకపోయినా తడి ఉన్న మందపాటి పాత్ర పగిలిపోవచ్చు. మట్టిని బాగా పిసికి బుడగలు తీయడం సారె మీద పాత్ర సమంగా లేవడానికి అవసరమే, కాని పేలుడు ఆపేది మాత్రం ఓపికగా ఆరబెట్టడం, తొలి గంటల్లో బట్టీ వేడిని వంద డిగ్రీలకు కిందే ఉంచడం. ఆ తర్వాత తొమ్మిది వందల నుంచి వెయ్యి డిగ్రీల దాకా తొలి కాల్పు, బట్టీ దానంతట అది చల్లారేదాకా నిరీక్షణ. అందువల్ల ప్రతి పాత్ర అడుగున పేరు గీయించుకుని, తర్వాతి ఓపెన్ నైట్ నాటికి కాల్చి ఇస్తాం. కాలిన పాత్ర కోసం వచ్చినవారు దాన్ని చేతిలోకి తీసుకుని, తాము చేసినప్పటికన్నా చిన్నదైందని గుర్తుపడతారు. ఆరడంలోనూ కాలడంలోనూ మట్టి కుదించుకుపోతుంది.

అపోహ: ఒక్క సాయంత్రంలో కలంకారీ నేర్చుకోవచ్చు.

కలంకారీ కార్యశాల అని ప్రకటించిన రోజున ఎక్కువమంది వస్తారు, అందుకే ఇక్కడ మరింత నిజాయితీగా ఉండాలి. శ్రీకాళహస్తి పద్ధతిలో ముతక నూలు గుడ్డను ముందుగా కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు, రంగును గుడ్డ మీద పాకిపోకుండా ఆపుతుంది; కరక్కాయలోని వగరు పదార్థం నలుపు పుట్టడానికి ఆధారమవుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం, నీరు కలిపి రెండు మూడు వారాలు పులియబెడితే వచ్చే ద్రవమే కసిం. మొన చెక్కిన వెదురు పుల్లకు నూలుతోనో ఉన్నితోనో చుట్టిన ఉండను కసింలో ముంచి, ఆ ఉండను వేళ్లతో సన్నగా నొక్కుతూ గీస్తే, తొలుత పలుచగా వెలిసినట్టున్న గీత చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుము కరక్కాయ వగరుతో కలిసినందువల్ల గుడ్డ మీదనే జరిగే మార్పు అది. ఎరుపు రావాలంటే పటిక నీళ్లు పూసి, రంగు చెక్కలతో ఉడికించి, పారే నీటిలో ఉతకాలి. పసుపు, నీలం వేరువేరు దశల్లో వస్తాయి. ప్రతి దశ మధ్యా ఆరబెట్టడం, ఉతకడం తప్పవు.

ఒక సాయంత్రంలో మేము ఇవ్వగలిగింది ఆ నల్లగీత వరకే. ముందే శుద్ధి చేసిన గుడ్డ, ముందే పులియబెట్టిన కసిం బల్ల మీద ఉంటాయి. వచ్చినవారు కలం పట్టి గీస్తారు, గీత నల్లబడడం చూస్తారు. దీన్నే "కలంకారీ నేర్పుతాం" అని ప్రకటిస్తే, ఏళ్ల తరబడి గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవారికి అన్యాయం చేసినట్టవుతుంది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి వంటివారి కుటుంబాల్లో ఈ విద్య తరం నుంచి తరానికి పని చేస్తూ చేస్తూ అందింది. శ్రీకాళహస్తి నుంచి గాని, అచ్చు కలంకారీకి పేరుపడ్డ పెడన నుంచి గాని కళాకారులను పిలిచినప్పుడు, దారిఖర్చులతో పాటు వారి రోజుల పనికి తగిన పారితోషికం ముందే మాట్లాడుకోవాలని, "మీకు ప్రచారం వస్తుంది కదా" అన్న మాట ఎవరి నోటా రాకూడదని నేను గట్టిగా పట్టుబడతాను. కార్యశాల రుసుములో పెద్ద వాటా పోయేది కూడా అక్కడికే.

అపోహ: సహజ రంగులైతే ప్రమాదమే ఉండదు.

పాతకాలపు చిత్రకారులు ఎరుపు కోసం వాడిన ఇంగిలీకం పాదరసం, గంధకం కలిసిన పదార్థం. పసుపు కోసం వాడిన హరిదళంలో ఆర్సెనిక్ ఉంటుంది. రెండూ ప్రకృతిలో దొరికేవే, రెండూ విషపూరితమే. కార్యశాలల్లో ఆ రెండింటినీ మేము అసలు తెరవం. వాటి స్థానంలో సురక్షితమైన రంగులు వాడతాం.

మట్టి గదిలో ప్రమాదం ఎండిన ధూళి నుంచి వస్తుంది. అందులోని సన్నని సిలికా రేణువులు ఊపిరితిత్తుల్లో పేరుకుంటాయి కనుక, రాత్రి పని ముగిశాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతోనే తుడుస్తాం. "మేము సాయం చేస్తాం" అంటూ చీపురందుకునే అతిథులను కూడా మొహమాటపడకుండా ఆపాలి. నూనె రంగుల దగ్గర అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, ఆ నూనె గాలితో కలిసి గట్టిపడే క్రమంలో పుట్టే వేడి గుడ్డల మధ్య చిక్కుకుని, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే మంట లేవవచ్చు. వాటిని నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెడతాం. వచ్చేవారికి ఇదంతా అతి జాగ్రత్తగా అనిపించవచ్చు గాని, జనం నిండిన గదిలో ఇంతకన్నా తక్కువ జాగ్రత్త నాకు సరిపోదు.

అపోహ: ప్రదర్శన అంటే మేకులు కొట్టి బొమ్మలు తగిలించడమే.

బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేట్టు తగిలించడం గ్యాలరీల్లో సాధారణ పద్ధతి. పిల్లలు ఎక్కువగా వచ్చే రోజున మేము కొన్నింటిని ఇంకా కిందికి దించుతాం. కాగితం మీద వేసిన నీటిరంగులకు, సహజ రంగులద్దిన గుడ్డలకు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించిన వెలుతురు పనికిరాదని మ్యూజియంలు పాటిస్తాయి. నూనె రంగులు 200 లక్స్ వరకు తట్టుకుంటాయి. "గది చీకటిగా ఉందేమిటి" అని అడిగేవారికి అసలు జవాబు అదే: ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు.

అపోహ: ఏదీ కొనకపోతే బాగుండదు.

ఎవరూ కొనాలని ఎదురుచూడం. చూసి, ప్రశ్నలడిగి వెళ్లడమే చాలు. ధర అడిగినంత మాత్రాన కొనాలన్న నిబంధన కూడా ఏమీ లేదు.

అపోహ: బొమ్మ కొన్నాను కాబట్టి దాన్ని క్యాలెండరు మీదనో టీషర్టు మీదనో అచ్చు వేసుకోవచ్చు.

బొమ్మ కొన్నప్పుడు చేతికి వచ్చేది ఆ వస్తువు. దాని కాపీరైటు వేరే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చిత్రాన్ని వేసిన వ్యక్తే దానికి తొలి హక్కుదారు, ఆ హక్కు కళాకారుని జీవితకాలంతో పాటు మరణానంతరం 60 ఏళ్లు నిలుస్తుంది. డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న చిత్రం విషయంలో మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే వేయించుకున్నవారే తొలి హక్కుదారులవుతారు. ఈ మినహాయింపు తెలియక ఇరువైపులా తగవులు పడేవారు ఉన్నారు. హక్కులు రాసిచ్చేసినా, తన పేరును తన పనికి జోడించమని కోరే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని మార్చితే అభ్యంతరపెట్టే హక్కు 57వ సెక్షన్ కింద కళాకారునికే ఉంటాయి. 53ఎ సెక్షన్ ప్రకారం మూల చిత్రం పది వేల రూపాయలకు మించిన ధరకు మళ్లీ అమ్ముడైతే ఆ ధరలో వాటా కోరే హక్కు కూడా ఉంది.

కనుక ఓపెన్ నైట్‌లో అమ్ముడైన ప్రతి చిత్రానికీ ఇచ్చే రసీదులో చిత్రం పేరు, కొలతలు, వాడిన పదార్థాలు, అచ్చు చిత్రమైతే ఎన్ని ప్రతుల్లో ఎన్నవదో రాసి, పునర్ముద్రణ హక్కులు ఇచ్చామో లేదో ఒక వాక్యంలో స్పష్టం చేస్తాం. క్యాలెండరు వేయాలనుకునేవారు అక్కడే కళాకారునితో మాట్లాడి, ఎన్ని ప్రతులు, ఎంత కాలానికి, ఎంత మొత్తానికి అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవచ్చు. అందుకు కావలసిన నమూనా ఒప్పందం తెలుగులోనే రాసి కౌంటరు దగ్గర ఉంచాం.